శుక్రవారం నాడు ఖాళీ అయిన నార్పోలి

ఓట్ల సరిహద్దులు ఎవరు గీయాలనే దాని మీద ఈమధ్య మీ వయసు వాళ్ళంతా ఫోన్లలో తెగ వాదించుకుంటున్నారు. గెలిచినవాళ్ళ చేతికి పెన్సిలు ఇవ్వకూడదు, స్వతంత్ర కమిషన్ వేయాలి అంటారు కొందరు. స్వతంత్రం ఎక్కడుంది, అదంతా నాటకం అంటారు మిగిలినవాళ్ళు. ఇందులో ఎవరూ ఒక కమిషన్‌ను దగ్గరనుంచి చూసినట్టు లేదు. నేను చూశాను. దాని కుర్చీలు నేనే వేయించాను, దాని మ్యాపులు నేనే మోశాను, దాని ఛైర్మన్ కళ్ళు తిరిగి పడిపోతే కాళ్ళ వైపు పట్టుకున్నది కూడా నేనే. కాబట్టి కాసేపు ఫోను పక్కన పెట్టి వినండి.

ఇది పార్లమెంటు సంగతి కాదు. భివండిలో మా నేత కుటుంబాల సమాజం ఒకటుంది. ఉత్తర తెలంగాణ నుంచి వచ్చి సాంచాల మీద బతుకుతున్న వాళ్ళం. మీరు పవర్‌లూమ్ అనేదాన్నే మేం సాంచ అంటాం. ఆ సమాజం ఆఫీసులో నేను మేనేజరుగా చేరి మేనేజరుగానే రిటైరయ్యాను. మేనేజరంటే ఏదో అనుకునేరు. పెళ్ళిళ్ళకు హాలు బుక్ చేయడం, దవాఖానకు దూది తెప్పించడం, పోయినవాళ్ళ ఇంటికి బండి పంపడం, అధ్యక్షుడి మాటకు తల ఊపడం నా పనులు. చివరి పనికే ఎక్కువ ఓపిక కావలసి వచ్చేది.

కమిటీలో పేటకొక సభ్యుడు ఉండేవాడు. పేటలు ఇంకా ఉన్నా ఈ కథకు మూడు చాలు. నార్పోలిలో కార్ఖానాలు, వాటిలో కూలికి పనిచేసే కామగార్లు. అంజూర్ ఫాటాలో కొత్త బిల్డింగులు, వాటిలోకి మారిన కార్ఖానా సేట్లు. కాల్హేర్‌లో గోదాములు, లోడింగ్ పనివాళ్ళు, వాళ్ళ మీద మేస్త్రీలుగా అధ్యక్షుడి చుట్టాలు. ఏ పేట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ప్రతి ఎన్నికకు ముందు అధ్యక్షుడే తేల్చేవాడు. ఒకసారి ఆయన మేనల్లుడు నిలబడిన పేట నార్పోలి నాలా దగ్గర బయలుదేరి, రోడ్డు దాటి, మధ్యలో తమకు పడని రెండిళ్ళను జాగ్రత్తగా వదిలేసి, అంజూర్ ఫాటాలో ఆయన సొంత బిల్డింగు మెట్ల దాకా పాకింది. ఇదేం వంకర అని ఎవరో అడిగారు.

“నీళ్ళ పైపు గట్లనే పోతది గదా. గిది గూడ గంతే” అన్నాడు ఆయన.

ఆయన చేసేది బట్టల వ్యాపారం, పైపులది కాదు. అయినా ఎవరూ నోరెత్తలేదు. అందరిళ్ళలోనూ పెళ్ళికెదిగిన పిల్లలున్నారు, అందరికీ హాలు కావాలి.

గొడవ దవాఖాన దగ్గర మొదలైంది. నార్పోలి గల్లీలో మా సమాజానికి రెండు గదుల దవాఖాన ఉంది. పగలంతా కాంపౌండరు ఉంటాడు, సాయంత్రం డాక్టరు వస్తాడు. దూది ధూళి పీల్చి దగ్గేవాళ్ళు, సాంచలో వేలు చితికినవాళ్ళు, జ్వరమొచ్చినా పాళీ, అంటే షిఫ్టు, మానలేని వాళ్ళు అక్కడికే వస్తారు. సేట్లు అంజూర్ ఫాటాకు మారాక దవాఖాన కూడా తమ వెంట రావాలని వాళ్ళకు అనిపించింది. బీపీ చూపించుకోవడానికి నార్పోలికి వస్తే కారు నిలిపే జాగా ఉండదట. కమిటీలో ఓట్లు సరిగ్గా సగం సగంగా చీలి ఉన్నాయి, నార్పోలి సీటు ఎటు మొగ్గితే దవాఖాన అటు. అక్కడి పాత సభ్యుడు సిరిసిల్ల వైపు సొంతూరికి వెళ్ళిపోవడంతో ఆ సీటు ఖాళీగా ఉంది.

ఆ సీటుకు నిలబడతానని ఒక బిస్సీ అక్క ముందుకు వచ్చింది. బిస్సీ అంటే ఒంటరి కామగార్లకు నెలవారీగా అన్నం పెట్టే ఇల్లు. మా వాళ్ళు అద్దెకుండే ఖోలీలు మారుస్తారు, కార్ఖానాలు మారుస్తారు, బిస్సీ మాత్రం తొందరగా మార్చరు. అక్క గొంతు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. ఆమె భర్తకు సాంచ దగ్గర గుండెనొప్పి వస్తే ఆ దవాఖానలోనే ప్రాణం నిలబెట్టారు. ఆ తర్వాత ఆయన కొన్నేళ్ళు బతికాడు. “గా ఏండ్లు నాకు దవాఖాన ఇచ్చిందే అన్నా” అనేది నాతో. ఆమె ఎందుకు నిలబడుతోందో ఇంతకుమించి వివరించక్కర్లేదు.

సర్వసభ్య సమావేశంలో ఆమె లేచి నిలబడింది.

“గీత గీసేటోడే పోటీల నిలవడితె ఎట్ల? మీ మేనల్లుడు గెలిచేదాక గీత పోతనే ఉంటదా? గీసేటోళ్ళు వేరే ఉండాలె.”

వెనక బెంచీల్లో కామగార్లు చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడికి కోపం వస్తుందని నేను నీళ్ళ గ్లాసు అందించబోయాను. ఆయన నవ్వాడు. అంతకుముందే టీవీలో ఏదో చర్చ చూసినట్టున్నాడు.

“అక్క మంచి ముచ్చట చెప్పింది. స్వతంత్ర కమిషన్ ఏస్తం. నేను చెయ్యి గూడ పెట్ట. మేనేజర్ సాబ్, గా షరతులు రాయి.”

రాశాను. కమిషన్ సభ్యుడు ఏ అభ్యర్థికీ చుట్టం కాకూడదు. ఎవరితోనూ వ్యాపారం ఉండకూడదు. ఎవరి చేతిదీ తినకూడదు, తాగకూడదు. ఇవి చదివి వినిపించాక చూస్తే సమాజంలో అర్హుడు ఒక్కడూ మిగల్లేదు. మాలో ఎవరిని పట్టుకున్నా ఇంకొకరికి బావో వియ్యంకుడో అవుతాడు. చుట్టరికం లేదనుకున్న చోట ఒకరి నూలు ఇంకొకరి సాంచ మీది భీముకు చుట్టి ఉంటుంది. వారం రోజులు వెతికి విసిగిపోయాక అధ్యక్షుడికే ఒక పేరు తట్టింది.

ఆయన పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసి రిటైరయ్యాడు. ఊళ్ళో ఎవరితోనూ ఆయనకు మాటల్లేవు. తమ్ముడితో గోడ దగ్గర చెడింది. వియ్యంకుడితో పెళ్ళి పంక్తిలో చెడింది. గుడివాళ్ళతో మైకు దగ్గర, పక్కింటితో కొళాయి దగ్గర, నాతో హాలు ఫ్యాను దగ్గర చెడింది. ఏ పెళ్ళికీ పోడు, ఎవరి పత్రికా పుచ్చుకోడు.

“గంతకంటె స్వతంత్రుడు మనకు యాడ దొరుకుతడు?” అన్నాడు అధ్యక్షుడు.

నేను వెళ్ళి అడిగితే కిటికీలోంచే మాట్లాడాడు. “వస్త. గని ఎవ్వలు నన్ను పలకరియ్యద్దు” అన్నాడు. ఛైర్మన్ దొరికాడు.

రెండో సభ్యుణ్ణి అధ్యక్షుడు ఎంచాడు. ఆయన కల్యాణ్‌లో ప్రాక్టీసు చేసే తెలుగు డాక్టరు. భివండి అంటే ఆయనకు ట్రాఫిక్ జామ్ తప్ప ఇంకేమీ తెలియదు. మెత్తనివాడు, మన మాట దాటడు అని అధ్యక్షుడి ధీమా. మూడో ఆయన రిటైరైన మరాఠీ తలాఠీ, అంటే మన పట్వారీ లాంటివాడు. జీవితమంతా పొలం గట్లు కొలిచిన మనిషి. మ్యాపు కనబడితే ముఖం వెలిగిపోయేది.

కమిషన్ పని మొదలైంది. షరతు ప్రకారం ఎవరింట్లోనూ చాయ్ ముట్టకూడదు కదా, ముగ్గురూ మెడలో నీళ్ళ సీసాలు వేలాడేసుకుని బడిపిల్లల్లా బయలుదేరారు. మా ఊళ్ళో చాయ్ వద్దంటే పోట్లాటకు దిగినట్టే. ఇంటామె గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడేది, ఛైర్మన్ ముఖం తిప్పుకుని గోడ కొలిచేవాడు. అలా వారం తిరక్కుండానే కమిషన్ సగం గల్లీలకు శత్రువైపోయింది. స్వతంత్రం బాగా వర్ధిల్లుతోందని ఛైర్మన్ సంతోషించాడు.

తర్వాత జనాన్ని లెక్కపెట్టాలి. ఇక్కడే అసలు సంగతి జరిగింది. సాంచాలు నడుస్తుంటే పక్కవాడి మాట కూడా వినబడదు. అందుకని చప్పుడు లేని రోజున లెక్కపెట్టాలని ఛైర్మన్ తీర్మానించాడు. మా ఊళ్ళో సాంచాలకు సెలవు శుక్రవారం. శుక్రవారం నార్పోలిలో ఉండేదెవరు? కామగార్లలో చాలామంది కార్ఖానాల అటకల మీదే పడుకుంటారు. సెలవురోజు సేటు తాళం వేస్తాడు, వీళ్ళు స్నానాలు చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని కాల్హేర్‌లో ఉన్న అన్నదమ్ముల దగ్గరికో మేనమామల దగ్గరికో పోతారు. అక్కడ మటన్ వండుకుంటారు, పేకాడుకుంటారు. ఈ ఊళ్ళో వారమంతా ఎదురుచూసేది దానికోసమే.

“సార్, శుక్రవారం వద్దు. ఆ రోజు నార్పోలి ఖాళీగా ఉంటది” అన్నాను.

ఛైర్మన్ నన్ను కళ్ళద్దాల పైనుంచి చూశాడు. “నువ్వు సమాజం జీతం తింటున్నవు. నీ సలహా ఇంటె నా స్వతంత్రం ఏం గావాలె?”

“కనీసం అక్కడివాళ్ళని అడగండి సార్.”

“అడిగితె అబద్ధాలు చెప్తరు. ముప్పయ్యేండ్లు ఉత్తరాల మీది అడ్రసులు చూసిన, నాకు తెల్వదా? కండ్లకు కనవడ్డ తలకాయే లెక్క.”

ఆయన మాటలో మోసం లేదు. అదే నన్ను చంపింది. మోసగాడికి ఎలాగోలా నచ్చజెప్పవచ్చు, నిజాయితీపరుడితో వేగడం ఎవరి తరం?

శుక్రవారం నార్పోలి గల్లీలో మేం నలుగురం, ఆరేసిన లుంగీలు తప్ప ఇంకేమీ లేవు. తలుపు తలుపుకూ తాళం. తలాఠీ మ్యాపు విప్పి అటూ ఇటూ తిప్పాడు. “మ్యాప్ తో బరాబర్ హై సాహెబ్. లేకిన్ ఆద్మీ కిధర్ గయా?” అని అడిగాడు. మ్యాపు సరిగ్గానే ఉంది, మనిషే కనబడలేదు ఆయనకు. ఛైర్మన్ తాళాలన్నీ లాగి చూసి ‘నివాసులు లేరు’ అని రాయించాడు. మధ్యాహ్నం కాల్హేర్ వెళ్ళాం. అక్కడ ఒక్కో ఖోలీలో కాలు పెట్టే జాగా లేదు. చుట్టాలు, చుట్టాల దోస్తులు, పేకముక్కలు, పొయ్యి మీద కూర. ఛైర్మన్ తృప్తిగా ఒక్కో తలా లెక్కపెట్టాడు. బొమికలు చప్పరిస్తున్న కార్ఖానా కామగారు ఒకడు నన్ను చూసి చెయ్యి ఊపాడు. వాణ్ణీ కాల్హేర్ ఖాతాలోనే వేశారు.

కొత్త మ్యాపు వచ్చింది. గీతలన్నీ తిన్నగా, ముచ్చటగా ఉన్నాయి. ఒక్క వంకర లేదు. కాల్హేర్‌కు రెండు సీట్లు. నివాసులు లేని నార్పోలి, అంజూర్ ఫాటాలో విలీనం. అధ్యక్షుడు దాన్ని గోడకు అంటించి వెనక్కి జరిగి చూశాడు, ముందుకొచ్చి చూశాడు.

“ఇన్నేండ్లు తిప్పలువడి గీసిన గని గింత సక్కగ నాకు రాలే” అన్నాడు. ఆ తర్వాత ఎవరు అడిగినా రెండు చేతులూ జోడించి, “స్వతంత్ర కమిషన్ జేసింది, నేనెవల్ని?” అనేవాడు. అన్యాయానికి ఆయన ఎప్పుడూ చెమటోడ్చాల్సి వచ్చేది. ఈసారి న్యాయమే ఆయన పని చేసి పెట్టింది.

అక్క ఆఫీసుకు వచ్చింది. అరుస్తుందనుకున్నాను. మ్యాపు ముందు నిలబడి నార్పోలి ఉండాల్సిన చోట వేలు పెట్టింది.

“గీడ మనుషులు లేరట, అన్నా. నేను వండేది ఎవలికి మరి?” అంది. దవాఖాన పోయినట్టేనని ఆమెకూ అర్థమైంది, నాకూ అర్థమైంది.

అభ్యంతరం చెప్పడానికి గడువుంది. ఛైర్మన్ నా టేబులు పక్కనే కూచుని ఉన్నాడు. అక్క నేరుగా ఆయన ముందుకు వెళ్ళింది.

“కాకా, నా నోటి మాట నమ్మద్దు. నీ కండ్లనే నమ్ము. గని రేపు పొద్దుగాల పాళీ మారేటప్పుడు వచ్చి సూడు. సూసినంక గూడ మనుషులు లేరంటె నేను నామినేషన్ ఏయ.”

ఆయన సూత్రాన్నే ఆయన ముందు పెడితే కాదనలేకపోయాడు. సరేనన్నాడు. పలకరించవద్దన్న మనిషిని కాకా అని పిలిచిందని మాత్రం కాసేపు గొణుక్కున్నాడు.

మరునాడు పొద్దున్నే నలుగురం గల్లీ మలుపులో నిలబడ్డాం. పాళీ మారింది. రాత్రి పాళీ వాళ్ళు ఎర్రబడ్డ కళ్ళతో, జుట్టునిండా దూదితో బయటికి వస్తున్నారు. పగటి పాళీ వాళ్ళు లోపలికి పోతున్నారు. ఆ ఇరుకు గల్లీలో రెండు గుంపులూ ఎదురుపడ్డాయి. ఛైర్మన్ వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, వేళ్ళు చాలక నా వేళ్ళు అడిగాడు. అంతలో గుంపు ఆయన్ని తిప్పేసింది. పగటి పాళీ వాళ్ళతో కలిసి ఒక కార్ఖానాలోకి వెళ్ళిపోయాడు, రాత్రి పాళీ వాళ్ళతో కలిసి బయటికి వచ్చాడు, మళ్ళీ లోపలికి వెళ్ళాడు. ఈ రాకపోకల్లో తనను తానే ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నాడో ఆయనకే తెలియాలి. తలాఠీ మ్యాపు నెత్తిన పెట్టుకుని, “ఆతా బరోబర్! ఇధర్ హై ఆద్మీ!” అని పిల్లాడిలా కేకలు వేశాడు. ఆయన మ్యాపుకు ఇప్పుడు మనుషులు దొరికారు.

మూడోసారి బయటికి వచ్చిన ఛైర్మన్ తూలాడు. ఆయనకు షుగర్ ఉంది. పొద్దున మందు వేసుకున్నాడు కానీ పాళీ మారేలోపు చేరాలని ఇంట్లో ఏమీ తినలేదు. ఈ పేటలో ఏదీ ముట్టకూడదని పట్టుదల. నా చేతుల్లోనే వాలిపోయాడు. డాక్టరు తల వైపు, నేను కాళ్ళ వైపు పట్టుకుని నాలుగడుగుల్లో ఉన్న దవాఖానలో పడుకోబెట్టాం. కాంపౌండరు పరుగెత్తుకొచ్చి గ్లూకోజు ఎక్కించాడు. నిజం చెబుతున్నాను, ఆయన పెదవులు తెల్లబడటం చూసి హాలు ఫ్యాను తగాదా గుర్తొచ్చి ఏడుపొచ్చింది. కాసేపటికి కళ్ళు తెరిచాడు. “తీపి చాయ్ తీసుకురండి, తొందరగా” అని డాక్టరు అరిచాడు. అక్క బిస్సీ నుంచి తెచ్చి పట్టింది. తాగాడు. గ్లాసు కిందపెట్టి కాసేపు ఆమెను చూసి, ఇంకోటి ఉందా అని అడిగాడు. ఆ మధ్యాహ్నమే కొత్త మ్యాపు తయారైంది. నార్పోలికి నార్పోలి తిరిగి వచ్చింది, కాల్హేర్‌కు ఒకటే సీటు మిగిలింది.

దాన్ని ఖాయం చేయాల్సిన రోజు హాలు కిక్కిరిసింది. కామగార్లు పాళీ మానుకుని వచ్చారు. మా ఊళ్ళో అది చిన్న మాట కాదు. అధ్యక్షుడు మైకు తీసుకున్నాడు. నెల రోజులుగా కమిషన్‌ను ఆకాశానికెత్తిన మనిషి గొంతు సవరించుకుని, కమిషన్ స్వతంత్రం చెడిపోయిందన్నాడు. గల్లీలో పాకిన మాటేదో ఆయన చెవిన పడ్డట్టుంది.

“ఛైర్మన్ సాబ్, నేనొక్కటే అడుగుత. నిలవడుతున్న మనిషి చేతి చాయ్ తాగినవా లేదా?”

నార్పోలి బతుకు ఆ జవాబు మీద ఆధారపడి ఉంది. లేదు అంటే చాలు, గొడవ ముగిసిపోతుంది. కాంపౌండరు చెప్పడు, నేను చచ్చినా చెప్పను. కానీ ఆ మనిషి ఎలాంటివాడో మాకు తెలుసు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“తాగిన. రెండు గిలాసలు” అన్నాడు ఛైర్మన్.

హాలంతా నీరుగారిపోయింది. అధ్యక్షుడు మ్యాపు మీద చెయ్యి వేశాడు. ఇక శుక్రవారం లెక్కతో గీసిందే ఖాయం అనబోతున్నాడు. అప్పుడు, మన మాట దాటడని తెచ్చుకున్న కల్యాణ్ డాక్టరు లేచాడు.

“అది చాయ్ కాదండీ. నేను చెప్పిన మందు. గ్లూకోజూ అదీ ఆలస్యమైతే ఈయన ఇక్కడ ఉండేవాడు కాదు. దవాఖాన ఆ గల్లీలో లేకపోయినా ఉండేవాడు కాదు.”

అధ్యక్షుడు తగ్గలేదు. “మందయితె ఒక్క గిలాస సాలదా? రెండోది దేనికి?”

రెండో గ్లాసు డాక్టరు చెప్పింది కాదు. ఛైర్మనే మైకు దగ్గరికి వంగాడు.

“రెండోది మంచిగుండె, గందుకు తాగిన.”

మొదట వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. తర్వాత సేట్లు నవ్వారు. ఆయనతో ఏళ్ళ తరబడి మాటల్లేని తమ్ముడు కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. నవ్వే జనం ముందు అభ్యంతరం చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు అధ్యక్షుడి ముఖంలో చూశాను. అంజూర్ ఫాటా వాళ్ళవి కూడా కొన్ని చేతులు లేచాయి. మ్యాపు ఖాయమైంది.

మీరు వాదించుకునేటప్పుడు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. గీత గీసేవాడు ఎవరికీ చుట్టం కాకపోవడం మంచిదే. కానీ ఆ గీతకు అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఏ వేళకు లేస్తారో, ఎక్కడ తింటారో తెలియకపోతే, వాడి నిజాయితీ అధ్యక్షుడి పెన్సిలు కన్నా ఎక్కువ చెడగొడుతుంది. నేను కమిషన్‌కు వ్యతిరేకిని కాను. పెన్సిలు అధ్యక్షుడికి తిరిగి ఇమ్మని ఎవరైనా అంటే ఈ వయసులో కూడా కర్ర పట్టుకుని వస్తాను.

అక్క గెలిచింది. కొత్త కమిటీ మొదటి సమావేశంలో అధ్యక్షుడు తేనె పూసిన గొంతుతో దవాఖాన కాగితం తీశాడు. అంజూర్ ఫాటాలో పెద్ద జాగా, లిఫ్టు, ఏసీ. నార్పోలి వాళ్ళకు ఏ లోటూ రాకుండా రోడ్డు మంచిగా ఉంది, నడిచి వచ్చినా ఎంతో దూరం కాదు అన్నాడు. అభిప్రాయం చెప్పమని అక్క వైపు తిరిగాడు.

ఆమె కుర్చీలోంచి లేవలేదు. అరవలేదు కూడా.

“అన్నా, గంత దూరం నడువగలిగినోనికి దవాఖానెందుకు?”

చేతులెత్తమని అడిగే అవసరం రాలేదు. అధ్యక్షుడు కాగితాన్ని మెల్లగా మడిచి జేబులో పెట్టుకుని, తర్వాతి విషయం ఏమిటని నన్ను అడిగాడు.